బందోనియోన్‌కి న్యూయార్క్ కోర్టు

అప్పు పత్రాన్ని చదవకుండా మక్కీకి మక్కీ దించడం దేశసేవ! ఈ మాట నేను తాగి అనడం లేదు. బ్యూనస్ ఐరిస్‌లో, ఆర్థిక శాఖ అప్పుల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, వేల పత్రాలు దించి, ఒక్కటీ చదవకుండా గౌరవంగా రిటైరైనవాడిగా అంటున్నాను.

చదివితే ఏమవుతుంది? సందేహం వస్తుంది. సందేహం వస్తే పై అధికారిని అడగాలి. ఆయనకీ తెలియదని తేలుతుంది. ఆఫీసు పరువు ఏం కావాలి? అందుకే తాతల నాటి వాక్యాలనే ఇప్పటికీ దించుతున్నాం. తేదీ మారుస్తాం, మొత్తం మారుస్తాం, మిగతాది దేవుడు చూసుకుంటాడు.

“అప్పిచ్చినవాళ్లందరినీ సమానంగా చూస్తాం” అని ఒక వాక్యం ఉంది. దాని అర్థమేమిటో తేల్చడానికి న్యూయార్క్‌లో లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మేం ముందే చదివి సరిచేసి ఉంటే ఆ లాయర్ల పిల్లల చదువులు ఏమయ్యేవి?

మా బావమరిది ఎవరిస్తో సంగతే చూడండి. ప్రభుత్వ టాంగో బృందంలో బందోనియోన్ వాయిస్తాడు. తిత్తి సాగదీసి వాయించే ఆ వాద్యం ప్రభుత్వానిది. అడుగున ఇత్తడి బిళ్ల కూడా ఉంది. పదకొండు నెలలుగా అతనికి జీతం లేదు. పెళ్లిళ్లలో వాయించుకుని ఇల్లు నడుపుతున్నాడు. వాద్యం పోతే పొయ్యి వెలగదు.

అలాంటి సమయంలో నదికి అవతలి దేశంలో, మాంటెవిడియోలో కచేరీ పడింది. మా పాత బాండ్లు కారుచౌకగా కొని, కోర్టులో పూర్తి సొమ్ముకు గెలిచిన విదేశీ ఫండ్ ఒకటుంది. దేశం దాటిన ప్రతి ప్రభుత్వ వస్తువునూ అది జప్తు చేయిస్తోంది. అందుకని శాఖ న్యాయ సలహాదారు జుబిజరెటా ఒక ఎత్తు వేశాడు. బందోనియోన్‌ని ఎవరిస్తో పేరిట రాసేయాలి, తిరిగొచ్చాక లాక్కోవాలి. పత్రం తయారు చేసే పని నెలిదాకి అప్పగించాడు. ఇప్పుడు నా కుర్చీలో ఉన్నది ఆవిడే. పని నేర్పింది నేనే.

నెలిదా మాతె ఆకుల టీ తాగుతూ, అలవాటు ప్రకారం కిందటి అప్పు పత్రం తెరిచింది. “ముప్పై కోట్ల డాలర్ల బాండ్లు” అన్నచోట “ఒక బందోనియోన్, తిరిగి ఇచ్చే షరతుపై” అని కొట్టింది. మిగతా తొంభై రెండు పేజీల జోలికి పోలేదు. జుబిజరెటా సంతకం పెట్టాడు. మంత్రిగారూ పెట్టారు.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఎవరిస్తో పడవ దిగేసరికి రేవులో జుబిజరెటా చేయి చాపి నిలబడ్డాడు.

“ఇలా ఇచ్చెయ్యవయ్యా. కాగితంలో ఏముందో తెలుసుగా.”

“తెలుసండీ. పడవలో మొత్తం చదివాను.”

“చదివావా? నీకేం పోయేకాలం?”

“ఊసుపోక చదివానండీ. ఏ తగాదా వచ్చినా న్యూయార్క్ కోర్టులోనే తేల్చుకోవాలట. అక్కడికి రండి, జడ్జిగారు ఇమ్మంటే ఇస్తాను.”

“ఈ తిత్తి కోసం న్యూయార్క్ దాకానా?”

“సమానంగా చూస్తామని కూడా రాశారండీ. ఫండ్‌కి ఇచ్చేనాడు నా పదకొండు నెలలూ ఇవ్వాలేమో. పనిలో పనిగా అదీ అడుగుదాం.”

జుబిజరెటా ముఖం మాడిపోయింది. న్యూయార్క్‌లో మా ప్రభుత్వ లాయరు గంటకి తొమ్మిది వందల డాలర్లు తీసుకుంటాడు. ఐదారు గంటలు మాట్లాడితే బందోనియోన్ ఖరీదు చెల్లు. కోర్టు మాటెత్తనని రాయించుకుని, వాద్యం ఎవరిస్తోకే వదిలేసి, జీతం బకాయి కూడా చేతిలో పెట్టారు. నెలిదాకి మెమో ఇచ్చారు. ఆ మెమో కూడా ఆవిడే పాతదాంట్లోంచి దించింది.

చూశారా, చదవని పత్రం ఒక సంసారాన్ని ఎలా నిలబెట్టిందో!

నాకూ ఆశ పుట్టింది. నా పెన్షన్ వచ్చి ఏడు నెలలైంది. బీరువాలోంచి ఆ పెన్షన్ ఉత్తర్వు తీసి, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. న్యూయార్క్ లేదు. జడ్జి లేడు. సమానం అన్న మాట ఎక్కడా లేదు. “నిధులు ఉన్నప్పుడు, వీలును బట్టి” అని మాత్రం ఉంది.

మా ఆఫీసు మొత్తంలో ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఎవరో కూర్చుని, శ్రద్ధగా చదివి మరీ రాశారు.