తల పెట్టిన పెట్టుబడి

కొండలనూ నదులనూ గొర్రెలనూ దేవుడు ఇస్తాడు. వాతావరణాన్ని మాత్రం ప్రభుత్వమే మెరుగుపరచాలి. కిర్గిజ్ కొండల్లోని కరాతోర్ జిల్లా ఈ సత్యాన్ని కనిపెట్టి, బజారు మైకులో చాటింపు వేయించింది: "ఒకటో తేదీ నుంచి మన జిల్లాలో వ్యాపార వాతావరణం మెరుగుపడును." మైకు వయసు మళ్లినది కాబట్టి "వ్యాపార" అన్న ముక్కను మింగేసింది. వాతావరణం బాగుపడుతోందని విన్న కాపరులు మందలను కొండ మీది మేతబీళ్ల నుంచి దింపడం వాయిదా వేసుకున్నారు. వడగళ్లకు మాత్రం చాటింపు వినబడలేదు.

ఆ మందల ఉన్ని అంతా తడిసి ముద్దయి బురుల్చా అనే ఆవిడ షెడ్డుకు చేరింది. ఏటి ఒడ్డున ఉన్ని కడిగి, ఏకి, నమదాలనే ఉన్ని తివాచీలు ఒత్తే షెడ్డు అది. అత్తగారు కట్టింది, ఆమె నిలబెట్టింది. ఉన్ని ఉన్నది, కడిగే మెషీను ఉన్నది, లేనిది కరెంటు. మెషీనుకు మూడు ఫేజుల లైను కావాలి. విద్యుత్ శాఖ మూడు ఫేజులూ ఇచ్చింది: రేపు, ఎల్లుండి, చూద్దాం. మంచు పడి ఏరు గడ్డకట్టేలోపు లైను రాకపోతే, ఆపైన చేతులతో కడగడం కూడా కుదరదు. అప్పుడు ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లు మాస్కోలో మెట్లు తుడవడానికి బస్సెక్కుతారు. పోయినేడు నలుగురు ఎక్కారు. ఇంతవరకూ ఎవరూ దిగలేదు.

వాతావరణం బాగుచేసే భారం పెట్టుబడుల ఆకర్షణ కార్యాలయానిది. దాని డైరెక్టరు చొరొబెక్. (పేరులో చొర ఉంది; చొరవకు ఒక్క "వ" తక్కువ.) అన్ని అనుమతులూ ఒకేచోట దొరకాలని ఆయన "ఏక గవాక్షం" తెరిచాడు. ఏక గవాక్షంలో కిటికీలు మూడు. మొదటిది విదేశీయులకు; అక్కడ పని ఒక్కరోజులో అయిపోతుంది, ఇంతవరకూ ఎవరూ రాలేదు గనుక ఆలస్యమైన దాఖలా లేదు. రెండోది స్థానికులకు, అక్కడ ఉన్నిని ఏకినట్టు మనిషిని ఏకుతారు. మూడోదాని సంగతి ఎవరూ అడగలేదు.

"నేను పెట్టింది పెట్టుబడి కాదా తమ్ముడూ?" అని బురుల్చా రెండో కిటికీ దగ్గర చొరొబెక్‌ను అడిగింది.

"నువ్వు పెట్టింది షెడ్డు అక్కా. పెట్టుబడి అంటే దూరం నుంచి రావాలి."

"ఎంత దూరం?"

"విమానం దిగాలి. నువ్వు గాడిద బండి దిగావు."

ఇలాంటి రోజుల్లో నిజంగానే ఒక పెట్టుబడి రాబోతోందని రాజధాని నుంచి ఫోను వచ్చింది. డెన్మార్క్ దేశమట, ఉన్ని వ్యాపారమట. చొరొబెక్ వెంటనే చర్యలు తీసుకున్నాడు. బజారు గోడకు సున్నం పడింది. పొగ కనబడితే వాతావరణం చెడుతుందని బురుల్చా షెడ్డులో పొయ్యి ఆర్పించారు. (ఉన్ని కోసం వచ్చేవాళ్లకు ఉన్ని షెడ్డు కనబడకుండా ముందు తడక కూడా కట్టారు.) ఆపైన చొరొబెక్ ఆమె దగ్గరికే వచ్చాడు.

"అక్కా, విందు వంట నువ్వే చెయ్యాలి. జిల్లాలో పెద్ద డేగిసా నీదొక్కటే."

"అందులో ఉన్ని కడుగుతున్నాను తమ్ముడూ."

"ఇప్పుడు కడగడం లేదుగా! నీ పొయ్యి ఆర్పించాం కదా!"

బురుల్చా గొర్రెను కోయించి డేగిసా ఎక్కించింది.

కారు వచ్చింది. అందులోంచి దిగాల్సిన దుబాసీ దిగలేదు. కనుమ దారిలో కడుపు తిప్పి, మధ్యలోనే ఒక పూటకూళ్ల ఇంట్లో పడుకుండిపోయాడు. దిగినవాళ్లు ఇద్దరు: తెల్లగడ్డంతో, పాత కోటుతో ఉన్న తొక్తొసున్ అనే ముసలాయన, వీపున సంచీ వేలాడేసుకున్న సిగ్రీద్ అనే పిల్ల. అధికారులంతా తెల్లగడ్డాన్ని చుట్టుముట్టారు.

"నేను డ్రైవర్ని నాయనా," అన్నాడు తొక్తొసున్.

"చూశారా వినయం!" అన్నాడు చొరొబెక్. "గొప్పవాళ్లు కారు వాళ్లే నడుపుకుంటారు. మనవాళ్లే చేతకాక డ్రైవర్లను పెట్టుకుంటారు."

"కాదయ్యా, నిజంగానే డ్రైవర్ని."

"మన భాష కూడా నేర్చుకుని వచ్చారు!"

విందులో పద్ధతి పద్ధతే. గది లోపలి కొసన, గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్దపీట మీద పెద్దాయనను కూర్చోబెట్టి, ఉడికిన గొర్రె తలకాయను ఆయన ముందు పెట్టారు. తల పెట్టారంటే పని తలపెట్టినట్టే. తొక్తొసున్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఇక వాదించలేదు. కత్తి తీసుకుని ఆచారం ప్రకారం చెవి కోసి అందరికన్నా చిన్నదైన సిగ్రీద్‌కు ఇచ్చాడు. పిల్లలు పెద్దల మాట వినాలని చెవి పెడతారు. ఆమె ఏదో చెప్పబోయింది. అధికారులు ఆమెకు చెవి పెట్టారు గాని, ఆమె మాట చెవిన పెట్టలేదు.

అందరికన్నా చిన్న ఆడపిల్లే టీ పోయాలి గనుక, కాసేపటికి సిగ్రీద్‌ను వంటింట్లో టీ కాగే సమోవార్ దగ్గరికి పంపేశారు. అక్కడ చేతులు తుడుచుకుంటున్న బురుల్చాను చూసి ఆ పిల్ల సంచీలోంచి చిన్న నమదా ముక్క తీసింది. నిరుడు రాజధాని సంతకు పంపిన ముక్క. దాని మూలన బురుల్చా కుట్టిన ఎర్ర కొమ్ముల గుర్తు, కింద పేరు.

"బురుల్చా?" అని ఆ పిల్ల పేరును వేలితో తాకి, ఆమెను చూపించింది.

బురుల్చా ఆ పిల్ల చెయ్యి గట్టిగా నొక్కి, చొరొబెక్‌ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.

"తమ్ముడూ, పెట్టుబడి ఆ తాత కాదు. ఈ పిల్ల. నాకోసమే వచ్చింది."

చొరొబెక్ తొక్తొసున్‌ను చూశాడు, సిగ్రీద్‌ను చూశాడు, చివరికి తలకాయను చూశాడు. దానికి అప్పటికే ఒక కన్ను లేదు.

"అక్కా, తల పెట్టేశాం. పెట్టిన తల వెనక్కి తీసుకున్న జిల్లా ఎక్కడైనా ఉందా?"

"తప్పు మనిషికి పెట్టామని చెప్పొచ్చుగా?"

"చెబితే తప్పవుతుంది. చెప్పకపోతే ఆతిథ్యమవుతుంది. మాంసం చల్లారిపోతోంది, వెళ్లు."

బురుల్చా మాంసం పళ్లెం పట్టుకుని తిన్నగా పెద్దపీట దగ్గరికి వెళ్లింది. వడ్డిస్తున్నట్టు వంగి, "బాబాయ్, నువ్వెవరో నాకు తెలుసు," అంది మెల్లగా. "నీ నోట ఒక్క మాట చాలు. ఏటి ఒడ్డు షెడ్డుకు మూడు ఫేజుల లైను కావాలని అడుగు."

"నేనడిగితే ఇస్తారా అమ్మా?"

"నేనడిగితే ఇవ్వరని మాత్రం తెలుసు."

తొక్తొసున్ మూతి తుడుచుకున్నాడు. "ఏటి ఒడ్డు షెడ్డుకు లైను వేయించండి," అన్నాడు, ట్యాక్సీకి పెట్రోలు పోయించమన్నంత తేలిగ్గా.

విద్యుత్ శాఖాధిపతి చిరునవ్వు నవ్వాడు. "తప్పకుండా పెద్దాయనా. వసంతంలో ఒక కమిటీ వేస్తాం."

సరిగ్గా అప్పుడే సిగ్రీద్ టీ పట్టుకొచ్చింది. పాపం, మనసున్న పిల్ల. ప్రతి గిన్నెనూ అంచుదాకా నింపి తెచ్చింది. మన కొండల్లో అతిథికి సగం గిన్నె పోస్తారు. మళ్లీ పొయ్యడానికి, మరికాసేపు కూర్చోబెట్టుకోవడానికి. నిండా పోస్తే ఒక్కటే అర్థం: తాగి లే. చొరొబెక్ గిన్నెలోకి చూశాడు. విద్యుత్ శాఖాధిపతి గిన్నెలోకి చూశాడు. ఆ నిండు గిన్నెల వెనక తెల్లగడ్డం గొర్రె దవడ నములుతోంది.

"కమిటీ మాట ఆయనకు నచ్చలేదు," అన్నాడు చొరొబెక్ పొడిగొంతుతో. "ఆ పిల్లచేత నిండు గిన్నెలు పంపి మనల్ని లేచి పొమ్మంటున్నారు!"

టోపీలు పెట్టుకుని అందరూ ఒక్కసారి లేచారు. ఎవరూ టీ ముట్టుకోలేదు. పొద్దుగూకేలోగా స్తంభాలు దిగాయి, తీగ దిగింది. (తీగ చాలకపోతే ఏక గవాక్షం కార్యాలయానికి వెళ్లే లైనును కోసి అతికారు. పనికి ఆటంకమేమీ కలగలేదు.) తడక పీకేశారు. బురుల్చా మీట నొక్కింది. మెషీను ఒకసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టలేదు. పరుగున పోయి తడి ఉన్ని మోసుకొచ్చారు.

అప్పుడొచ్చాడు దుబాసీ, పాలిపోయిన మొహంతో, గుర్రపు బండిలో. వచ్చి అందరినీ నిలబెట్టి విషయం విప్పిచెప్పాడు: ఈయన డ్రైవరు, ఈవిడ పెట్టుబడి. నిండు గిన్నె సంగతి కూడా సిగ్రీద్‌కు చెప్పాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని, పక్కనున్న ప్రతి అధికారికీ విడివిడిగా క్షమాపణ చెప్పింది.

చొరొబెక్ తొణకలేదు. "ఆలస్యమైంది. విదేశీ పెట్టుబడి దిగిందని రాజధానికి చెప్పేశాం. తొక్తొసున్ గారే విదేశీయుడు."

"నేను ఇక్కడివాడినే నాయనా!"

"తమరు పుట్టింది ఏ దేశంలో?"

"సోవియట్ దేశంలో."

"ఆ దేశం ఇప్పుడుందా? లేదు. లేని దేశంలో పుట్టినవాడు ఈ దేశంవాడెలా అవుతాడు?"

"తమ్ముడూ, నేనూ అక్కడే పుట్టాను," అంది బురుల్చా. "అయితే నేనూ విదేశీయురాలినే."

"నీకు తల పెట్టలేదుగా అక్కా."

సిగ్రీద్ ఏదో గట్టిగా అంది. దుబాసీ చెప్పాడు: "ఈవిడతో కలిసి షెడ్డు పెంచడానికి వచ్చిందట. ఉన్ని మొత్తం కొంటుందట."

చొరొబెక్ నిజంగానే బాధపడ్డాడు. "ఎంత మంచి ఆలోచన! కానీ ఉన్ని రంగంలో ఇప్పటికే ఒక విదేశీ పెట్టుబడిదారు ఉన్నారు. విదేశీ పోటీ నుంచి ఆయనను కాపాడటం మా బాధ్యత. లేకపోతే వాతావరణం ఏం కావాలి?"

అని ఎంతో మర్యాదగా విందు నుంచి తెప్పించిన సమోవార్ కుళాయి స్వయంగా తిప్పి, ఒక గిన్నెను అంచుదాకా నింపి సిగ్రీద్ చేతికిచ్చాడు.

ఈసారి ఆమెకు అర్థం తెలుసు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బురుల్చా తడిచేతులతో వచ్చి ఆ గిన్నె అందుకుంది. సగందాకా తాగింది. మిగిలిన సగాన్ని తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టి, పక్కనే ఉన్ని మూట మీద చోటు చూపించింది. సిగ్రీద్ కూర్చుంది.

చొరొబెక్ ఆ సగం గిన్నెలోకి తొంగి చూశాడు.

"స్థానికురాలు సగం, విదేశీయురాలు సగం," అన్నాడు. "అది ఉమ్మడి వ్యాపారం కిందికి వస్తుంది అక్కా. మూడో కిటికీ. ఆఫీసుకు కరెంటు వచ్చాక రండి."