పాయింట్ తొమ్మిది

పది గంటలకల్లా బావగారి చేత సంతకం పెట్టించుకోవాలి, పన్నెండులోపు మాన్యువల్‌ని అచ్చుకి ఇచ్చేయాలి, మధ్యాహ్నం ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఆ ఉదయం ఆఫీసు మెట్లెక్కుతూ రాతమ్మ వేసుకున్న పథకం ఇంతే. పరిశోధన సంస్థలో ప్రోగ్రాములకి మాన్యువల్స్ రాయడం ఆవిడ ఉద్యోగం. రాతమ్మ అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఆ ప్రోగ్రాములు తయారు చేసే పెద్ద సైంటిస్టు ఆవిడ మొగుడికి సాక్షాత్తూ అన్నగారు. ఇంకొకడైతే ఈపాటికి నాలుగు దులిపేసేది. బావగారైపోయారు కాబట్టి, కడుపు ఎంత మండినా నోట్లోంచి మాత్రం "అలాగేనండీ" అనే వచ్చేది.

ఆయనగారి కొత్త ప్రోగ్రాంకి ఒక గది కొలతలూ, అందులో యంత్రాల వేడీ, గొట్టంలోంచి వచ్చే గాలి వేగమూ చెబితే, మరికొన్ని గంటల్లో ఆ గది ఎంత కాగుతుందో ముందే చెప్పేస్తుంది. మంచిదే. చిక్కంతా ఇచ్చే అంకెలతో. కొన్నిచోట్ల దశాంశం ఇవ్వొచ్చు, కొన్నిచోట్ల పూర్ణాంకమే ఇవ్వాలి. ఇవ్వకూడనిచోట పాయింట్ పెట్టారా, పాయింటునీ దాని వెనకున్నదాన్నీ చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది. రాతమ్మ వారం రోజులు కూర్చుని, ఎక్కడ ఏ రకం అంకె ఇవ్వాలో పట్టిక రాసింది. బావగారు దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, అన్నిటికీ కలిపి "ఒక సంఖ్య" అని రాసిపారేశారు.

"ఇవన్నీ విడమర్చి చెబితే నవ్విపోతారమ్మా. నా ప్రోగ్రాం వాడేవాడికి ఆమాత్రం తెలీదా?"

తెలీకపోతే తిట్లు ఎవరికి? అట్ట మీద ఉన్నది రాతమ్మ పేరు. అందుకే ఆ పొద్దున పట్టికని మళ్లీ చంకన పెట్టుకుని వచ్చింది. ఈసారి ఏమైనా సరే సంతకం పెట్టించే తీరాలి.

మూడో అంతస్తుకి వెళ్లేసరికి అక్కడ కొంపలు మునిగినంత హడావిడి. బిల్డింగ్ సూపర్‌వైజర్ ముచ్చటపడి, మాన్యువల్ చిత్తుప్రతి చూసుకుంటూ కంప్యూటర్ గది లెక్క వేశాడట. ఏసీ మెకానిక్ గాలి కొలిచి సెకనుకి పాయింట్ తొమ్మిది మీటర్లన్నాడు. మాన్యువల్ "ఒక సంఖ్య" అంది. సూపర్‌వైజర్ 0.9 కొట్టాడు. ప్రోగ్రాం తొమ్మిదిని మింగి సున్నా మిగుల్చుకుంది. అసలు గాలే లేని గది ఒంటిగంటకి తొంభై నాలుగు డిగ్రీలకి చేరుతుందని తేల్చింది.

మెకానిక్‌కి ఒళ్లు మండింది. "చెయ్యి పెట్టి చూడండి సార్. చలేస్తోంది."

"ఇప్పటి సంగతి ఎవడడిగాడయ్యా? ఒంటిగంట సంగతి చెప్పు."

సూపర్‌వైజర్ యంత్రాలన్నీ ఆపించాడు. నెలరోజులుగా నడుస్తున్న లెక్కలు గాల్లో కలిసిపోయి సైంటిస్టులు ఒంటికాలి మీద లేచారు. అన్ని గదుల్లోంచీ టేబుల్ ఫ్యాన్లు లాక్కొచ్చి ఒకే బోర్డుకి తగిలించారు. ఫ్యూజు పోయి అంతస్తంతా చీకటైంది. జనం ఫైళ్లతో విసురుకుంటుంటే సూపర్‌వైజర్, చూశారా, అప్పుడే మొదలైందని గుండె పట్టుకున్నాడు. ఆ కంగారులో వడ్రంగిని పిలిపించి, గాలి ఆడాలని కంప్యూటర్ గది చెక్కగోడ ఊడబీకించాడు. ఆ గోడకి అవతల బావగారి గది.

పదకొండుకి బావగారు తీరిగ్గా తలుపు తాళం తీసుకుని లోపలికెళ్లారు. గోడ లేనిచోట నలభై మంది ఆయన్నే చూస్తున్నారు. ఆయన కేకలకి సూపర్‌వైజర్ మాన్యువల్ అట్ట చూపించి, ఈవిడ రాసినట్టే చేశానండీ అన్నాడు.

"ఏం రాశావమ్మా ఇందులో?" అన్నారు బావగారు.

రాసింది ఎవరు, కొట్టేసింది ఎవరు? నోరు తెరిచేలోపే ఆయన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, స్వయంగా 0.9 కొట్టారు. తొంభై నాలుగు. మళ్లీ కొట్టారు. తొంభై నాలుగే. బావగారు గంభీరంగా కళ్లద్దాలు తీశారు.

"నా ప్రోగ్రాం తప్పు చెప్పదు. ఆ రెండో గోడ కూడా తీసేయండి."

వడ్రంగి సుత్తి అందుకున్నాడు. రాతమ్మ కాపురానికొచ్చాక మొదటిసారి "అలాగేనండీ" అనలేదు. వంగి, 0.9 చెరిపేసి, ఒకటి కొట్టింది. ఇరవై రెండు డిగ్రీలు. వడ్రంగి సుత్తి దించేశాడు.

"బావగారూ, మీరు కొట్టేసిన పట్టిక ఇదుగో, ఏడో వరుస. కాస్త గట్టిగా చదవండి, అందరూ వింటారు."

ఆయన చదివారు, గట్టిగా మాత్రం కాదు. "గాలి వేగం. పూర్ణాంకం మాత్రమే. దశాంశం ఇస్తే పాయింట్ తర్వాతది పోతుంది." మెకానిక్ నలుగురికీ వినపడేలా దగ్గాడు.

ఫ్యూజు వేశారు, యంత్రాలు లేచాయి. గొట్టంలోని చల్లగాలి ఇప్పుడు అడ్డు లేకుండా నేరుగా బావగారి కుర్చీ మీదికి కొడుతోంది. కొత్త చెక్క రావడానికి వారం పడుతుందని వడ్రంగి చల్లగా చెప్పాడు. రాతమ్మ పట్టిక కాగితాలన్నీ ఆయన ముందు పరిచి, ప్రతి పేజీకీ సంతకం కావాలంది. బావగారు మఫ్లర్ చెవులదాకా చుట్టుకుని, పళ్లు టకటకలాడుతుండగా పెట్టిచ్చారు.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా ఆవిడ అచ్చాఫీసుకి చేరింది. అచ్చాయన పేజీలు తిరగేసి, సంతకాలన్నీ ఇలా వణికాయేమిటమ్మా అని అడిగాడు.

"తొంభై నాలుగు డిగ్రీల వేడిలో పెట్టారండీ పాపం," అంది రాతమ్మ.