సగటు గరిటె

మంచి కబురు పొద్దున్నే, ఎసరు మరిగే వేళకు వచ్చింది. మంత్రిగారు పిల్లల మధ్య తేడాలు రూపుమాపేశారని పోషణాధికారి బడి వంటగది గుమ్మంలో నిలబడి చదివి వినిపించాడు. ఇకనుంచి పిల్లలందరికీ ఒకటే గరిటె. రిబ్బను కట్టిన డబ్బాలోంచి దాన్ని తీసి వంటామెకు అందించాడు. అద్దంలా మెరుస్తోంది. కాడ మీద మంత్రిగారు నవ్వుతున్నారు. వంటామె కూడా ముచ్చటపడి కొంగుతో ఇంకోసారి తుడిచింది.

అప్పటిదాకా ఆమెకు రెండు గరిటెలుండేవి. కింది గదుల్లోని మూడేళ్ళవాళ్ళకు చిన్నది. వాళ్ళ పొట్ట గుప్పెడంత. మెత్తగా, కాస్తకాస్తగా, నాలుగైదుసార్లు పెట్టాలి. మేడమీది పదిహేనేళ్ళవాళ్ళకు పెద్దది. ఎదిగే ఒళ్ళు, ఎంత పెట్టినా చాలదు. ఆడపిల్లలకైతే రక్తం పట్టాలని ఆకుకూర మరికాస్త వేసేది. ఆ రెండు గరిటెల్నీ అధికారి సంచిలో వేసుకున్నాడు.

"ఇది ఎవరి కొలతయ్యా?"

"తొమ్మిదేళ్ళ పిల్లవాడిది. శాస్త్రీయంగా తేల్చారు."

"మా బళ్ళో తొమ్మిదేళ్ళవాళ్ళు ఒక్కరూ లేరే. కింద మూడేళ్ళు, పైన పదిహేనేళ్ళు."

"అందుకే కదమ్మా, సగటున తొమ్మిది వచ్చింది."

అంత చదువు తనకు లేదు కాబట్టి ఆమె మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసింది.

వారం తిరక్కుండానే ఫలితాలు కనిపించాయి. చిన్నవాళ్ళు సగం తిని, సగం ఒంటికి పూసుకుని, కంచాల పక్కనే కునుకు తీశారు. మేడమీదివాళ్ళు కంచాలు నాకి, మిగిలిన చోటు మంచినీళ్ళతో నింపుకున్నారు. అందరూ పొడుగమ్మాయి అని పిలిచే పిల్ల మెట్లమీద కళ్ళు తిరిగి పడిపోయింది. వంటామె మనసాగక ఆ పిల్ల కంచంలో రెండో గరిటె వేయబోయింది. ఇంకోసారి సగటు పాడుచేస్తే ఉద్యోగం ఊడుతుందని అధికారి చెప్పాడు, చాలా మర్యాదగా. ఆ సాయంత్రమే నివేదిక పంపాడు: సగంమందికి ఎక్కువైంది, సగంమందికి తక్కువైంది, కాబట్టి సగటున అందరికీ సరిపోయింది. కొందరు నిద్రలో, కొందరు నీరసంలో ఉన్నందున బడి ప్రశాంతంగా ఉంది.

మంత్రిగారు పొంగిపోయి ఫోన్ చేశారు. ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడి పక్కన కూర్చుని రేపు తానూ భోంచేస్తారట. అధికారి ఫోన్ పెట్టేసి, కింది గదులూ మేడా ఒకసారి చూసొచ్చాడు. ముఖం పాలిపోయింది. కానీ సమర్థుడు, ఐదు నిమిషాల్లో తేరుకున్నాడు.

"రేపు ఎనిమిదింటికల్లా జీపు వెళ్ళి ఎక్కణ్ణుంచైనా ఒక తొమ్మిదేళ్ళవాణ్ణి తెస్తుంది. మధ్యాహ్నం మంత్రిగారు స్వహస్తాలతో వడ్డిస్తారు. వాళ్ళిద్దరికే వండమ్మా."

మెట్లమీద కూర్చున్న పొడుగమ్మాయి తలెత్తింది.

"మరి మాకో పిన్నీ?"

వంటామె అధికారి వైపు చూసింది.

"మీకు రేపు సెలవు," అన్నాడాయన ఉదారంగా.