పులిపిల్లకి ఆలస్యం గుర్తు

మరీ అనగనగా కాదు, మొన్నమొన్నటి సంగతే. ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే మడుగు ఒక్కటే మిగిలేది. మిగతా వాగులూ వంకలూ ఇసక తేలిపోయేవి. ఆ ఒక్క మడుగు దగ్గర నీళ్లు తాగడానికి ఒక వరస ఉండేది. ముందు పులులు, తరవాత ఏనుగులు, అడవిదున్నలు, వాటి వెనక దుప్పులు, పందులు, అందరికన్నా ఆఖర్న కుందేళ్లు. కుందేళ్ల వంతు వచ్చేసరికి నీళ్లు తక్కువ, బురద ఎక్కువ.

ఈ వరస ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. మడుగు దగ్గరా, బడి ఆవరణలోనూ ఎవరూ ఎవరినీ తినకూడదని మాత్రం ఒక పాత ఒప్పందం ఉండేది. అందుకని అడవి పెద్దలు సభలు పెట్టినప్పుడల్లా మనది సమానత్వం గల అడవి అని చెప్పుకునేవారు. తినకుండా వదిలేస్తున్నాం కదా, ఇంకేం కావాలి అని వాళ్ల ఉద్దేశం.

బడి ఆ మడుగుకి రెండు కొండల అవతల ఉండేది. అందులో టీచరు పంకజం, ముళ్లపంది. పదకొండేళ్ల సర్వీసు. మంచి మనిషే అనబోయాను, మంచి ముళ్లపందే. కాకపోతే కోపమొస్తే వీపు మీద ముళ్లు నిక్కబొడుచుకుంటాయి. పిల్లలు జడుసుకుంటారని ఆవిడ కోపాన్ని గుటుక్కున మింగడం అలవాటు చేసుకుంది.

పొద్దున్నే మొదటి బండ మీద ఎండ పడగానే బడి గంట కొట్టేవారు. గంట కొట్టాక వచ్చిన పిల్లలకి హాజరు పట్టీలో ఆలస్యం గుర్తు. ఏడాదికి ముప్పై గుర్తులు పడితే పేరు కొట్టివేత, పరీక్ష లేదు. పులిపిల్లలు చీకటి విడకముందే తాగేసి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చేవి. కుందేలు పిల్లలు ఆఖర్న బురద జుర్రుకుని రెండు కొండలూ పరిగెత్తేసరికి సగం పాఠం అయిపోయేది. ఆ ఏడు చేరిన పన్నెండు కుందేలు పిల్లల్లో పదకొండు పేర్లు అప్పటికే కొట్టేశారు. మిగిలింది నూకాలు ఒక్కతే.

నూకాలు నోటిలెక్కల్లో గట్టి పిండం. బడిలో ఆ పిల్లని కొట్టేవాళ్లు లేరు. ఇరవై ఎనిమిది గుర్తులు పడ్డాయి, పరీక్షకి ఇంకా పన్నెండు రోజులుంది. ఒకరోజు గంటకి అందుకోవాలని నీళ్లు తాగకుండానే వచ్చేసి, ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆ పిల్లని ఒళ్లో వేసుకుని ఆకుతో విసురుతుంటే పంకజం టీచరుకి ఏడుపు ఆగలేదు. ఇంతవరకూ ఆ అడవిలో పరీక్ష రాసిన కుందేలు లేదు. ఈ ఒక్క పేరయినా పట్టీలో నిలబెట్టకపోతే తను టీచరై ఏం లాభం అనుకుంది.

గంట కాస్త ఆలస్యంగా కొట్టనివ్వమని విద్యాధికారి కొంగగారికి అప్పటికే మూడు అర్జీలు పెట్టి ఉంది. మూడింటికీ ఒకటే జవాబు: "ఆలస్యం అనేది స్వభావానికి సంబంధించినది. కుందేళ్లకు సమయపాలన నేర్పవలెను."

ఆ పూటే వచ్చిన మూడో జవాబు మడిచి పెట్టి ఆవిడ క్లాసులోకి వెళ్లింది.

"నూకాలు రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తుందో ఎవరైనా చెప్పండి" అంది.

"బద్ధకం టీచర్" అంది పులిపిల్ల శాంభవి. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఇంట్లో విన్నదే అంది.

"వాళ్లింట్లో చదువు విలువ తెలీదు టీచర్" అంది దుప్పిపిల్ల.

నూకాలు తల వంచుకుని పలక తుడుచుకుంటోంది. ఆ పలక మీద తుడవడానికి ఏమీ లేదు.

"మరి నేను గంటకి ముందే ఎలా వస్తున్నాను?" అంది టీచరు.

పిల్లలు ఆలోచించారు. టీచర్లకి పులులతో పాటు తాగే వెసులుబాటు ఉండేది. పదకొండేళ్లుగా పంకజం టీచరు దాన్ని ఉద్యోగంలో భాగం అనుకుందే తప్ప, అది కూడా వరసలో ముందు నిలబడటమేనని ఆ పూటే తట్టింది. ఆ సంగతి పిల్లలకి చెప్పేసింది కూడా. చెప్పాక కొంచెం సిగ్గేసింది.

"నేను రేపు నూకాలు వంతులో తాగి వస్తాను టీచర్. నా వంతు నూకాలుకి" అంది శాంభవి. దానికి అదొక ఆటలా తోచింది.

మర్నాడు నూకాలు గంటకి ముందే బడిలో ఉంది. ప్రార్థన మొదటి చరణం నించి ఆఖరి దాకా నిలబడి పాడటం ఆ పిల్లకి ఆ రోజే కుదిరింది. శాంభవి మాత్రం పాఠం సగమయ్యాక వచ్చింది. మూతినిండా బురద, నాలుక బయటికి వేలాడుతోంది.

పంకజం టీచరు పట్టీ తెరిచి ఆలస్యం గుర్తు పెట్టింది.

"టీచర్, నేను పరిగెత్తానండీ" అంది శాంభవి.

"తెలుసమ్మా. నూకాలు కూడా రోజూ పరిగెడుతుంది."

శాంభవి మూతి మీది బురద తుడుచుకుంది. వెళ్లి నూకాలు పక్కన కూచుంది. పాఠం అంతే. అంతకు మించి ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సాయంత్రం పులిగారింట్లో ఏం జరిగిందో తరవాత శాంభవే చెప్పింది. వాళ్ల నాన్న పులి ప్రతాపంగారు అడవి సభ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నారు. ఎన్నికలు ఎనిమిది రోజుల్లో ఉన్నాయి. సలహాదారు నక్క పేరయ్య పక్కనే కూచుని ఉన్నాడు.

"నాన్నా, మనం ముందెందుకు తాగుతాం?" అంది శాంభవి.

"పులులం కాబట్టి."

"పులులకి దాహం ఎక్కువేస్తుందా?"

ప్రతాపంగారు జీవితంలో దుప్పుల్నీ, దున్నల్నీ, ఒకసారి మొసలినీ ఎదుర్కొన్నవారు. ఈ ప్రశ్నకి మాత్రం పేరయ్య వంక చూశారు.

"అయ్యా, ఇది మీ అమ్మాయి ఒక్కదాని సంగతి కాదు" అన్నాడు పేరయ్య మెల్లిగా. "మన అడవి సంస్కృతి మీద దాడి. నాకొదిలెయ్యండి, ఇందులో బోలెడు ఓట్లున్నాయి."

రెండ్రోజులు పేరయ్య కాలు నిలవలేదు. దున్నల దగ్గరికెళ్లి, రేపు మిమ్మల్ని కుందేళ్ల వెనక నిలబెడతారట అన్నాడు. దుప్పుల దగ్గరా అదే మాట, పందుల దగ్గరా అదే మాట. పులుల కన్నా పందులకి ఎక్కువ కోపం వచ్చింది. తమ వెనక ఉన్నది కుందేళ్లు మాత్రమే, ఆ కాస్తా పోతే ఇంకేం మిగులుతుంది మరి. ఆఖరికి కుందేళ్ల పెద్ద చెవుల సోమన్న చేత కూడా మాట్లాడించాడు. "మా తాతలు బురద తాగే బతికారు. బురదలో ఉన్న సత్తువ పైనీళ్లలో ఎక్కడిది? మా బురద జోలికి ఎవరూ రావద్దు" అన్నాడు సోమన్న. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈలోగా వరస మామూలే కనక నూకాలు నీళ్లు మానేసి గంటకి అందుకుంటూ వచ్చింది, ఒక్కరోజు దాహం ఆగక తాగి వచ్చేసరికి ఇరవై తొమ్మిదో గుర్తు పడింది. ఆ గుర్తు పెట్టడానికి పంకజం టీచరుకి చెయ్యి రాలేదు. శాంభవికి పెట్టిన చెయ్యి నూకాలుకి పెట్టకపోతే ఎలా అని పెట్టింది.

మూడో రోజు సభ పెట్టి ఆవిణ్ణి నిలబెట్టారు.

"మా దూడ ఇంటికొచ్చి, నేను మంచిదాన్నా చెడ్డదాన్నా అని అడిగిందండీ" అన్నాడు ఒక దున్న, కళ్లు తుడుచుకుంటూ. "ఇదేనా చదువు?"

"మంచీ చెడ్డా నేను చెప్పలేదండీ. వరస గురించి చెప్పాను" అంది టీచరు.

"ఏ వరస?" అన్నాడు పేరయ్య.

"మడుగు దగ్గర వరస."

"మడుగు దగ్గర వరస ఉందని ఎవరన్నారు?"

సభంతా గప్‌చిప్. పొద్దున ఆ వరసలోంచి లేచి సరాసరి సభకి వచ్చినవాళ్లే అంతా.  పంకజం టీచరుకి ముళ్లు లేచాయి. పక్కనున్న దుప్పి కాస్త ఎడంగా జరిగింది. ఆవిడ కోపాన్ని మింగి, ముళ్లు సర్దుకుని కూచుంది.

ప్రతాపంగారు లేచి స్వయంగా తీర్మానం ప్రవేశపెట్టారు: "మన మడుగు దగ్గర ముందు, వెనక, వరస, వంతు అనునవి లేవు, ఎన్నడూ లేవు. ఉన్నవని పలికినవారు ఎంతటివారైనా శిక్షార్హులు. ఈ తీర్మానమును బడిలో ప్రతిదినము ప్రార్థనలో చదివించవలెను." అందరూ కాళ్లెత్తి ఆమోదించారు. తీర్మానం నకలు పంకజం టీచరు చేతికే ఇచ్చారు, అదే ఆవిడకి శిక్ష అన్నట్టు.

మర్నాడు పిల్లలంతా గొంతెత్తి చదివారు. చదవడం అయ్యాక నూకాలు దగ్గరికొచ్చింది.

"టీచర్, ఇది నిజంగా పెద్దలు రాసిందేనా?"

"వాళ్లు రాసిందేనమ్మా. పులిగారి సంతకం ఉంది చూడు."

"అయితే మా అమ్మకి కూడా చదివి వినిపించనా?"

పంకజం టీచరు తీర్మానం మరోసారి చదువుకుంది.

"వినిపించు. హోంవర్కు అనుకో" అంది. 

మరుసటి పొద్దున ఆవిడ మడుగు దగ్గరికి వెళ్లేసరికి డెబ్భై కుందేళ్లు నీళ్లలో మూతులు పెట్టి ఉన్నాయి. కుందేళ్లకి పైనీళ్లు తాగడం అదే మొదలు. కొన్ని తాగడం మానేసి నీళ్లలో తమ మొహాలు చూసుకుంటూ కూచున్నాయి.

ప్రతాపంగారు కుటుంబంతో సహా వచ్చి ఆగిపోయారు.

"ఏమిటిది?"

"నీళ్లు తాగుతున్నామండీ" అంది నూకాలు వాళ్లమ్మ.

"ఇప్పుడు మీ..." అని మొదలుపెట్టారు ప్రతాపంగారు. వెనక నించి పేరయ్య దగ్గాడు.

"ఇప్పుడు మా, ఏమిటండీ?" అంది ఆవిడ ఎంతో మర్యాదగా.

"ఇప్పుడు మీ ఆరోగ్యాలవీ ఎలా ఉన్నాయి అని" అన్నారు ప్రతాపంగారు.

"చల్లగా ఉన్నామండీ, తమరి తీర్మానం పుణ్యమా అని."

అడవిలో కుందేళ్లన్ని ఓట్లు ఇంకెవరికీ లేవు. తోసుకుని వెళ్తే వరస ఉందని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, ఓట్ల దాకా ఓపిక పట్టండి అని పేరయ్య చెవిలో చెప్పాడు. ప్రతాపంగారు ఓపిక పట్టారు. ఆ ఓపిక చూసి ఏనుగులు దిగాయి, దున్నలు దిగాయి, పందులు కూడా దిగాయి. పులులకి మిగిలింది బురద. పంకజం టీచరు ఆ పూట నీళ్లు తాగకుండానే బడికి వెళ్లిపోయింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా, ఎందుకో ఆ రెండు కొండలూ హాయిగా ఎక్కి దిగింది.

శాంభవికి ఆ రోజు ఒక గుర్తు. ఆ మర్నాడు ఇంకోటి. మొదటి రోజుదానితో కలిపి మూడో గుర్తు పడ్డ సాయంత్రమే కొంగగారు రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చి వాలారు. ఎన్నికలు ఎల్లుండి.

"ఇది చాలా అన్యాయమండీ" అన్నారు. "పసిపిల్ల. గుక్కెడు నీళ్లు తాగి రెండు కొండలు ఎక్కి దిగి రావాలా వద్దా? పైగా ఈ ఎండలు."

"అవునండీ" అంది టీచరు.

"గంట ఒక అర జాము ఆలస్యంగా కొడితే ఏం పోయింది? ఇంత చిన్న సంగతి మీకు తట్టలేదా?"

మూడు అర్జీల నకళ్లు ఆవిడ బల్ల మీదే ఉన్నాయి. ముళ్లు ఒక్కసారిగా లేచాయి. నూకాలు మొహం గుర్తొచ్చి అణుచుకుంది.

"తట్టలేదండీ" అంది.

"రేపటి నించి మార్చెయ్యండి. ఆ శాంభవి గుర్తులు కూడా కొట్టెయ్యండి."

"కారణం ఏం రాయమంటారు సార్?"

"నీళ్లు ఆలస్యంగా..." అని కొంగగారు చప్పున ఆగి, "ఎండ తీవ్రత అని రాయండి" అన్నారు.

"ఎండ శాంభవి ఒక్కదాని మీదే పడిందని రాయమంటారా?"

కొంగగారు కాలు మార్చి నిలబడ్డారు. మళ్లీ కాలు మార్చారు.

"అందరివీ కొట్టెయ్యండి" అన్నారు విసుగ్గా.

"గుర్తులే లేకపోతే, గుర్తుల మూలాన పోయిన పేర్లు..."

"అదంతా మీరే చూసుకోండి, నాకు వేరే పనుంది" అని కొంగగారు ఎగిరిపోయారు.

ఆయన మనసు మార్చుకుని వెనక్కి వస్తారేమోనని పంకజం టీచరు గబగబా కొట్టేసింది. నూకాలువి ఇరవై తొమ్మిదీ పోయాయి. పదకొండు కుందేలు పేర్లు మళ్లీ పట్టీలోకి ఎక్కాయి. అప్పుడు ఆవిడ కుర్చీలో కూలబడి, పిల్లలెవరూ లేరు కదా అని కాసేపు హాయిగా ఏడ్చింది.

ఎన్నికల్లో ప్రతాపంగారు బ్రహ్మాండంగా గెలిచారు. కుందేళ్లు గంపగుత్తగా ఆయనకే వేశాయి. మర్నాడు పొద్దున్నే ఆయన మడుగు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒక్క మాట కూడా అనలేదు, నిలబడ్డారంతే. కుందేళ్లు పక్కకి తప్పుకున్నాయి. వరస మళ్లీ వచ్చేసింది. తీర్మానం మాత్రం రద్దు కాలేదు, కనక వరస వచ్చిందని ఎవరైనా అంటే శిక్ష. గంట కూడా మళ్లీ వెనక్కి మారలేదు. మార్చాలంటే కారణం రాయాలి, ఆ కారణం రాసే ధైర్యం ఏ అధికారికీ లేదు.

పిల్లల కష్టం ఎరిగి గంట మార్పించినందుకు ప్రతాపంగారికీ, కొంగగారికీ బడి ఆవరణలోనే సన్మానం చేశారు. పంకజం టీచరు చేతే దండలు గుచ్చించారు. అదే సభలో ఆవిడకి బదిలీ కాగితం కూడా అందింది. లేని సమస్య గురించి పాఠం చెప్పినందుకు ఏడు కొండల అవతలికి. అక్కడ బడి లేదు, కడతారట.

వెళ్లే రోజూ పరీక్ష రోజూ ఒకటే అయింది. ఆవిడ మూట కట్టుకుని కిటికీ దగ్గర ఆగింది. లోపల పన్నెండు కుందేలు పిల్లలు తల ఎత్తకుండా రాస్తున్నాయి. అన్నిటి మూతులకీ బురద అంటుకుని ఉంది. అందరికన్నా ముందు నూకాలు లేచి ఇంకో కాగితం అడిగింది.

ఈ కథలో నీతి: కష్టం తీరాలంటే అర్జీ పెట్టుకోకండి, ఆ కష్టాన్ని ఒక్క వారం పెద్దవాళ్లింటికి పంపించండి.