బెల్లం మెత్తిన కారద్దం

దేవరుప్పుల సంజీవకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆయన చెయ్యి పడ్డ ఏ వస్తువూ మళ్లీ బతికిన దాఖలా లేదు. గోడ గడియారం, బోరు మోటరు స్టార్టరు, అత్తగారి వినికిడి మిషను, అన్నీ ఆయన బాగు చేయబోయి సాగనంపినవే. ఊళ్లో చాటుగా ‘విప్పుడు సంజీవ’ అనేవారు. విప్పడమే గాని బిగించడం రాదని.

అలాంటి మనిషికి తండ్రి నలభై ఏళ్లనాటి అంబాసిడర్ కారు వదిలిపోయాడు. ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరు ముసలిదై ఎండిపోయి, వాన పడితే చుక్క చుక్కగా ముందు సీట్లోకి కారేది. ఆ సీటు భార్య ఊర్మిళది. ఆమె ఒళ్లో గిన్నె పెట్టుకుని పెళ్లిళ్లకు వెళ్లేది. అడిగినవాళ్లకు, మా కారులో నల్లా కూడా ఉందని చెప్పేది.

ఆ పరువు తక్కువ భరించలేక, ఆషాఢంలో సంజీవ ప్రేమ్‌సింగ్ చేత కొత్త రబ్బరు వేయించాడు. ప్రేమ్‌సింగ్‌ది పక్క తండా. అతని తండ్రి సంజీవ వాళ్ల పొలంలో కూలి చేశాడు. అతను మాత్రం పానా పట్టి, జనగామ దారిలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. మాట తక్కువ, పని గట్టి.

కారు ఇంటికొచ్చిన సాయంత్రమే సంజీవ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎడమవైపు కింది మూల రబ్బరు అంచు కాస్త లేచినట్టు అనిపించింది. చూసి ఊరుకోవడం ఆయన జాతకంలో లేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి లోపలికి నెట్టాడు. రబ్బరు వేలెడు పొడవున చీలింది.

రెండు రోజుల్లో వానొచ్చింది. ఊర్మిళ ఒళ్లోకి మునుపటికంటే ధారగా నీళ్లు దిగాయి.

“కొత్త రబ్బరు గదా, గిట్ల కారుడేంది?” అని అడిగింది.

ఆలోచన కంటే ముందు సంజీవ నాలుక కదిలింది. “ప్రేమ్‌సింగ్ పని గట్లనే ఉంటది.”

అక్కడితో ఆగినా బాగుండేది. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ అదే చెప్పాడు. ఊరికి ఆయన పటేల్, పటేల్ మాట పటేల్ మాటే. కిరాయికి జీపు నడిపే పోశాలు దాన్ని వేరే చోటికి తోలుకుపోయాడు. ట్రాక్టర్లవాళ్లు ముఖం చాటేశారు. రెండు నెలలు తిరిగేసరికి ప్రేమ్‌సింగ్ షెడ్డు ముందు బండ్లు ఉండాల్సిన చోట మేకలు పడుకుంటున్నాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా సంజీవ షెడ్డు కనపడకుండా ముఖం చేలవైపు తిప్పుకునేవాడు. ఒకసారి అలాగే కల్వర్టు దిమ్మెను గుద్దాడు కూడా.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి. జనగామ దగ్గర పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊర్లో మహిళల కమిటీకి ఊర్మిళే పెద్ద. కారు తీయమన్నది.

“ప్రేమ్‌సింగ్ సుత వస్తడట,” అన్నది కూరగాయలు తరుగుతూ. “జనంల నిలబెట్టి అడుగుత, గీ రబ్బరు కథేందని.”

సంజీవ లేచి కారు దగ్గరికి పోయాడు. నిజం చెప్పేస్తే పోయేది. కానీ రెండు నెలల అబద్ధం విప్పాలంటే ఆయనకు చేయి రాలేదు. అసలు కారడమే ఆపేస్తే అడిగేదే ఉండదు కదా అనుకున్నాడు.

బందులో ఒక్క దుకాణం తెరిచి లేదు. అప్పుడు తాత గుర్తొచ్చాడు. తాత కట్టిన ఇంటి మిద్దె మీద గచ్చు వేసింది సున్నం, బెల్లం, కోడిగుడ్డు సొనతో. ఎనభై ఏళ్లుగా చుక్క కారలేదు. ఇంటికి పట్టిన మందు కారుకు పట్టదా? ఊర్మిళ మీటింగుకు పోగానే మూడూ కలిపి నూరి, చీలికలో కూరాడు. మిగిలింది పారేయడమెందుకని అద్దం చుట్టూ మెత్తాడు. రెండు చెంబుల నీళ్లు పోసి చూస్తే చుక్క దిగలేదు. పుట్టి బుద్ధెరిగాక తాను బాగుచేసిన మొదటి వస్తువు అదే.

తెల్లారి బానెట్ మీద చీమల బారు కనిపించింది. గుడ్డతో తుడిచేశాడు. బయటివి పోయాయి. లోపలివి లెక్కలో లేవు.

ముందు ఊర్మిళ గులాబీ రంగు పట్టుచీరలో కూర్చుంది. వెనక కమిటీలోని భద్రమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. జనగామ దగ్గరపడుతుండగా వాన దంచింది. మొదట అంతా పొడిగానే ఉంది. ఆ తర్వాత బెల్లం కరిగింది. డాష్‌బోర్డు మీదుగా పాకం పారి పట్టుచీర మీదికి చేరింది. ఇల్లు మునిగిన చీమలు పిల్లాజెల్లాతో దాని వెంట వచ్చాయి.

వాన వెలిసే వేళకు వంటావార్పు మధ్యలో కారు ఆగింది. నలుగురు ఆడవాళ్లూ దూకి చీరలు దులుపుకుంటూ గెంతారు. ఉద్యమం కోసం ఆడుతున్నారనుకుని డప్పులవాళ్లు దెబ్బ పెంచారు.

ప్రేమ్‌సింగ్ జనంలోంచి వచ్చాడు. భద్రమ్మ అతని మీద పడి, మంచి కారును నాశనం చేశావని తిట్టింది. చుట్టూ ఉన్నవాళ్లూ తలా ఒక మాట అన్నారు. అతను వంగి, మూల దగ్గర బెల్లం ముద్దను బొటనవేలితో తీశాడు. చీలిక కనపడింది. తలెత్తి సంజీవను చూశాడు.

“షెడ్డుకు తీస్కరా పటేలా, మారుస్త,” అన్నాడు. అంతే.

అతని భార్య రుక్కి పొయ్యి దగ్గర కట్టెలు పట్టుకుని నిలబడి ఇటే చూస్తోంది. తిడితే సంజీవకు ఇంత బరువనిపించేది కాదు. ఆయన చూపు నిలపడానికి చోటు దొరకలేదు. చేలు అక్కడ లేవు.

సరిగ్గా అప్పుడే మైకులో, ఇప్పుడు దేవరుప్పుల సంజీవ మాట్లాడతారని పిలిచారు.

“నేనే రాయించిన,” అన్నది ఊర్మిళ చీర దులుపుకుంటూ. “పో.”

సంజీవ ఎక్కాడు. మన నీళ్లు మనకు కావాలని మొదలుపెట్టాడు. నీళ్లు అన్నాక కిందికి చూశాడు. ఎదురుగా ప్రేమ్‌సింగ్ తలవంచుకుని వేళ్లకంటిన బెల్లం తుడుచుకుంటున్నాడు.

“ప్రేమ్‌సింగ్ మంచిగనే చేసిండు,” అన్నాడు సంజీవ. “రబ్బరు చింపింది నేను. చెప్పనీకి సిగ్గయి, రెండు నెలలు ఆయన మీద ఏసిన.”

ఏమన్నాడో సరిగా వినపడని వెనకవాళ్లు అలవాటుగా “జై తెలంగాణ” అన్నారు. ముందువాళ్లూ అందుకున్నారు. చప్పట్లు మోగాయి. బతుకులో అన్ని చప్పట్లు ఆయనకు ఎప్పుడూ పడలేదు. చెంపల మీద పడ్డట్టే ఉన్నాయి.

సాయంత్రం షెడ్డులో ప్రేమ్‌సింగ్ తన దగ్గరున్న ఇంకో కొత్త రబ్బరు తొడిగి, దాని గాడిలో తాడు పెట్టి అద్దం ఎక్కించాడు. సంజీవను బయటినుంచి అద్దం అదిమి పట్టమని చెప్పి, తాను లోపలినుంచి తాడు లాగుతుంటే రబ్బరు అంచు తనంతట తానే రేకు మీదికి ఎక్కి కూర్చుంది. స్క్రూడ్రైవర్‌తో పనే పడలేదు.

హోటల్ దగ్గర కూడా అందరికీ నిజం చెబుతానన్నాడు సంజీవ.

“చెప్పు పటేలా,” అన్నాడు ప్రేమ్‌సింగ్ తాడు చుట్టుకుంటూ. “నువ్వు ఏం చెప్పినా నమ్ముతరు. నేను రెండు నెలలు చెప్పిన. ఒక్కలు నమ్మలే.”

సంజీవ చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి కారెక్కాడు.

సగం దారి పోయాక, నీకు ముందే తెలుసా అని పక్క సీట్లో ఉన్న భార్యను అడిగాడు. పది రోజుల కింద అద్దం తుడుస్తుంటే చీలిక చూశానన్నది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేది ఒక్కరే కదా అన్నది.

“మరి నన్నే అడగచ్చు గదా.”

“అడిగితే ఇంకో అబద్ధం చెప్తుంటివి.”

సంజీవ గేరు మార్చాడు. “నేను మైకుల అది చెప్పకుంటే?”

“ఏం కాకపోతుండె,” అన్నది ఊర్మిళ. “నీ తర్వాత పేరు నాదే రాయించిన.”

వెనక సీట్లో భద్రమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా మనిషి లేడు, బండి లేదు. సంజీవ రెండుసార్లు హారన్ కొట్టాడు.