కదలకండి గారు, కదిలే కారు

వీధిలో అందరూ ఆయన్ని 'కదలకండి గారు' అనే అంటారు. పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో ఆయనది. రోజంతా ఆయన నోటి వెంట వచ్చేది ఒకటే పాట: "గడ్డం కొంచెం పైకి. కదలకండి." ఈ పెద్దమనిషిని నేను బాగా ఎరుగుదును. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో కనిపిస్తాడు. సిగ్గుకొద్దీ 'ఆయన' అని రాస్తున్నాను గానీ, గౌరవంకొద్దీ కాదు.

ఆ ఉదయం ఆయన చేయాల్సింది ఒకే ఒక్క ఫొటో. కార్ల షోరూం యజమాని కొత్త కారు నడుపుకుంటూ ఊరి చివర మలుపు మీదుగా వస్తాడు. కారు దూసుకుపోతున్నట్టు ఈయన తీయాలి. బాగా వస్తే షోరూం పనంతా ఈయనదే. రాకపోతే ఎదురు స్టూడియోవాడిది.

"నువ్వు కుర్చీలో కూర్చున్నవాళ్లని తీస్తావు. కారు కూర్చోదయ్యా!" అని యజమాని ముందే అనుమానపడ్డాడు.

"పానింగ్ నాకు వెన్నతో పెట్టిన విద్య సార్," అన్నాడీయన. ఆ విద్య పేరు ఆయన విన్నది ముందురోజే.

షట్టర్ నెమ్మదిగా పెట్టుకోవాలి. పాదాలు కదపకుండా, నడుము తిప్పుతూ, కారుతో పాటే కెమెరా తిప్పాలి. తిప్పడం ఆపకుండానే మీట నొక్కాలి. అప్పుడు కారు స్పష్టంగానూ వెనకాల చెట్లూ గోడలూ గీతల్లాగానూ వస్తాయి. ఇంట్లో కారు లేదు కాబట్టి, బట్టల బకెట్టుతో అటూ ఇటూ తిరుగుతున్న భార్య మీద సాధన మొదలుపెట్టాడు.

"ఏమిటండీ ఆ చూపు? పెళ్లయిన కొత్తలో కూడా నా వెంట ఇలా తల తిప్పలేదు," అందావిడ. సంగతి విన్నాక మాత్రం హడలిపోయింది. "రోడ్డు పక్కనా? ఎవడైనా గుద్దితే? ఉండండి!" అంటూ రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే పసుప్పచ్చ కోటు ఎక్కడినుంచో తెచ్చి తొడిగింది. చెప్పొద్దూ, అందులో ఆయన కాస్త అధికారిలాగే కనిపించాడు.

కొంప ముంచింది ఆ కోటే. యజమాని వచ్చేలోగా చెయ్యి తిరుగుతుందని మలుపు దగ్గర నిలబడి కెమెరా ఎత్తగానే, రయ్యిమని వస్తున్న ఎవరిదో కారు కాస్తా పెళ్లినడక అందుకుంది. దాని వెనకదీ అంతే. నెమ్మదిగా పోయే కారుకి గీతలెక్కడివి? ఫొటోలన్నీ ఇంటిముందు నిలిపిన బళ్లలా వచ్చాయి. కోటు సంగతి తట్టక, కెమెరా చూసి జంకుతున్నారేమోనని పొద చాటుకు చేరాడు. దాంతో అందరికీ అనుమానం తీరిపోయింది. దాక్కుని వేగం పట్టే పోలీసే!

ఒకాయన ఏకంగా కారాపి దిగాడు. "సార్, ఈ ఒక్కసారికీ వదిలేయండి. మా మామగారికి ఒంట్లో బాగాలేదు." చేతిలో లైసెన్సు. దాని మీది ఫొటో చూసి మన వృత్తి నిపుణుడు ఊరుకోలేకపోయాడు. "ఇదేం ఫొటో అండీ! గడ్డం కొంచెం పైకి ఎత్తాల్సింది." వెనక కారువాళ్లు కూడా లైసెన్సులు పట్టుకుని దిగారు. చూస్తుండగానే బారు కనుచూపు మేర సాగింది.

బారు సంగతి తెలిసి అసలు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. "ఎవరయ్యా నువ్వు? ఆ కోటు ఎవరిచ్చారు?"

"మా ఆవిడ మేడమ్..."

సరిగ్గా అప్పుడే, బారులో ఓపిక నశించిన కారొకటి ఎదురు దారిలోకి దూకి రివ్వున దూసుకొచ్చింది. ఈయన పాదాలు కదల్లేదు. నడుము దానంతటదే తిరిగింది. మీట నొక్కాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కెమెరా తెర చూసి, "అబ్బ! నంబరు ఎంత బాగా కనిపిస్తోంది!" అంది.

పొగిడితే ఈయనకి ఒళ్లు తెలియదు. "పానింగ్ మేడమ్! నంబరేమిటి, ఆ కిటికీలో చూడండి, మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మా షోరూం యజమానిగారు. ఎంత వేగంగా వస్తే అంత బాగా వస్తుందని నేనే చెప్పాను."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి అర్థం కాలేదు. అడిగిన ఫొటో అడిగినట్టే వచ్చింది. వెళ్లింది మాత్రం పోలీస్ స్టేషన్‌కి. యజమాని లైసెన్సు రద్దయింది. షోరూం పని ఎదురు స్టూడియోకి పోయింది. ఆ రాత్రి ఈయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకి యజమాని మొహం గంటు పెట్టుకుని స్టూడియో మెట్లెక్కాడు. కొత్త లైసెన్సుకి ఫొటో కావాలి. ఎదురు స్టూడియోవాడు షోరూంలో కార్లు తీయడానికి తాళం వేసుకుపోయాడు మరి.

పోయిన పని తిరిగి సంపాదించడానికి ఇదే అదననుకున్నాడు మనవాడు. "గడ్డం కొంచెం పైకి సార్. కదలకండి."

యజమాని కొయ్యబారి కూర్చున్నాడు. అదే క్షణంలో వీధిలో ఏదో కారు రయ్యిమని పోయింది. పాడు నడుము, దాని వెంటే తిరిగింది. వేలు మీట నొక్కేసింది.

ఫొటోలో చెవి నుంచి చెవిదాకా అలికినట్టున్న తన మొహాన్ని యజమాని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొత్తానికి, ఆయన మొదట్లో అడిగిన వేగం ఈ ఫొటోలో వచ్చింది.