జింక తొడా, థర్డ్ బేసూ

ఆ మంగళవారం ఉదయం వెండెల్ ట్రౌట్‌మన్ పెట్టుకున్న పనులు రెండే. నేలమాళిగలో ఉన్న ఫ్రీజర్లోంచి ఒక జింక తొడ పైకి తెచ్చి సాయంత్రానికి కరగబెట్టడం, ఆ తరవాత మార్లిస్ కాఫీ హోటల్లో కూర్చుని బ్రాడీ లెనాక్స్‌ని తనివితీరా తిట్టడం. రెండో పనికి కావలసిన మాటలన్నీ పళ్లు తోముకుంటూనే కూర్చుకున్నాడు.

లెనాక్స్ పెద్ద బేస్‌బాల్ జట్టులో థర్డ్ బేస్ దగ్గర కాపుకాసే ఆటగాడు. పాత జట్టుతో ఒప్పందం తీరి ఫ్రీ ఏజెంటుగా బయటికొస్తే, చలికాలంలో కోట్ల డాలర్లు కుమ్మరించి అతణ్ణి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న దగ్గర్నుంచీ అతను ఆడింది తక్కువ, కట్లు కట్టించుకున్నది ఎక్కువ. మొదట మోకాలు, తరవాత మణికట్టు, నిన్న తొడ కండరం. అదీ పరిగెడుతూ కాదు, బెంచీ మీంచి లేస్తూ పట్టేసింది.

కెల్బీ ఫాల్స్‌కి ఇది దుర్వార్త కాదు. ఆ ఊరి జట్టు బుల్‌ఫ్రాగ్స్ ఆ పెద్ద జట్టుకు పిల్ల జట్టు. ఇక్కడ బాగా ఆడినవాణ్ణి అక్కడికి పిలుస్తారు. వేసవిలో ఆటగాళ్లను ఊళ్లోవాళ్లే ఇళ్లలో పెట్టుకుంటారు. వెండెల్ ఇంటి మేడగదిలో ఉంటున్న బెర్తో అనే డొమినికన్ కుర్రాడు ఆడేది కూడా థర్డ్ బేసే. నిరుడు సగం ఆటలు బెంచీ మీదే గడిపినవాడు, ఈ మే నెల నుంచి బంతిని ఎక్కడ పడితే అక్కడికి బాదేస్తున్నాడు. అతణ్ణి చూడ్డానికి ఆ సాయంత్రం పెద్ద జట్టు నుంచి ఒక పరిశీలకుడు వస్తున్నాడు. వెండెల్ గర్వం సంగతి చెప్పక్కర్లేదు. ఆ బాదుడంతా తన ఇంటి తిండి మహిమేనని అతని గట్టి నమ్మకం.

"బెర్తో, ఒక్కసారి కిందికి రా నాయనా! ఈ మూత పట్టుకో" అని కేకేశాడు.

బెర్తో చెప్పుల్లేకుండా వచ్చి ఫ్రీజర్ మూత పట్టుకున్నాడు. రెండేళ్లుగా సర్దని ఫ్రీజరది. వెండెల్ అడుగునున్న తొడను లాగాడు. పైనున్న తొడ జారింది. రాయిలా గడ్డకట్టిన ఆ తొడ తిన్నగా వచ్చి బెర్తో ఎడమ కాలి బొటనవేలి మీద పడింది.

బెర్తో స్పానిష్‌లో ఏదో అన్నాడు. అది ప్రార్థన మాత్రం కాదని వెండెల్‌కి అర్థమైంది.

వంటింట్లో బకెట్టు నిండా ఐసు పోసి కాలు అందులో పెట్టించాడు. వేలు విరగలేదు, కదులుతోంది. కాని నేరేడు పండులా ఉబ్బింది.

"కోచ్‌కి ఫోన్ చేస్తాను" అన్నాడు వెండెల్, ఏడుపుగొంతుతో.

"వద్దు దోన్ వెండెల్, మీకు పుణ్యముంటుంది!" పెద్దవాళ్లని స్పానిష్ మర్యాదతో దోన్, దోన్యా అని పిలిచే బెర్తో అతని చెయ్యి పట్టేసుకున్నాడు. "చెబితే ఇవాళ నన్ను కూర్చోబెట్టేస్తారు. ఆ వచ్చినాయన ఇంకో కుర్రాణ్ణి చూసుకుని వెళ్లిపోతాడు. ఇలాంటి రోజు మళ్లీ వస్తుందా? ఆట అయ్యాక నేనే చెప్పేస్తా. అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ తెలియకూడదు."

"ఎవరికీ తెలీదు. నాది పూచీ" అని మాటిచ్చి వెండెల్ మందుల దుకాణానికి బయల్దేరాడు. కెల్బీ ఫాల్స్‌లో మందుల దుకాణానికి వెళ్లాలంటే మార్లిస్ హోటలు ముందునుంచే వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఎవరూ చూడలేదు. కట్టుగుడ్డా, వాపు తగ్గే ఉప్పూ పట్టుకుని వచ్చేటప్పుడు ఆర్లో చూశాడు.

ఆర్లో మాంసం కొట్టు యజమాని, వెండెల్‌కి చిన్ననాటి స్నేహితుడు. బుల్‌ఫ్రాగ్స్ కప్ప బొమ్మ టోపీ అతని నెత్తిమీంచి దిగడం ఎవరూ చూడలేదు.

"ఒరేయ్ వెండెల్! లోపలికి రారా. నీ బెర్తో గురించి మార్లిస్‌తో కొట్లాడుతున్నా. వాడిది అదృష్టంరా, ఆట కాదు. గుర్రం తన్నినట్టు ఎడమ కాలు అంతెత్తు లేపి కొడతాడు. వంపు తిరిగే బంతి వేస్తే కాలు దిగేలోపు బంతి వెళ్లిపోతుంది. పెద్ద జట్టులో వాడికి వేసేవి అవే!"

"నీ మొహం! మే నెల నుంచీ రోజూ అదృష్టమేనా?" అంది మార్లిస్ కాఫీ పోస్తూ. "లెనాక్స్ కంటే నయం కదా. ఆయన్ని కొన్న డబ్బుతో ఒక ఆసుపత్రి కట్టుకోవచ్చు. ఎలాగూ అక్కడే ఉంటాడు." అంటూనే వెండెల్ చేతిలో కట్టుగుడ్డ చూసింది. "అదేంటీ? ఎవరికేమైంది?"

"నాకే. కాలి వేలు" అన్నాడు వెండెల్ చటుక్కున. "జింక తొడ పడింది."

"పడేసుకున్నావా?" అన్నాడు ఆర్లో, కళ్లు మెరుస్తుండగా.

మాంసం కొట్టేవాడి ముందు, మాంసం ఎత్తడం చేతకాక కాలి మీద పడేసుకున్నానని ఏ మగాడు ఒప్పుకుంటాడు? "నేనెందుకు పడేసుకుంటాను? మా ఆవిడ లోర్నా చేతిలోంచి జారింది."

"జారిందా, విసిరిందా?" అంది మార్లిస్ నవ్వుతూ.

వెండెల్ ధ్యాస అంతా ఇంట్లో బకెట్టు మీదుంది. "ఏదైతేనేం మార్లిస్, నొప్పి ఒకటే కదా!" అనేసి లేచాడు. తలుపు దాకా వెళ్లాక, తన కాలికి దెబ్బ తగిలిందన్న సంగతి గుర్తొచ్చింది. కుడి కాలు కుంటుతూ గుమ్మం దాటాడు. దెబ్బ తగిలింది ఎడమ కాలికి కదా అని వీధిలో తట్టింది. కిటికీ ముందునుంచి ఎడమ కాలు కుంటుతూ వెళ్లాడు.

ఆర్లో కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "ఓర్నాయనో! రెండు కాళ్ల మీదా కొట్టింది."

వెండెల్ భార్య లోర్నా ఆ ఊరి గ్రంథాలయం నడుపుతుంది. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. మాటాడనివాళ్లతోనే ప్రమాదమని మార్లిస్ ఒకరితో అంది. ఆ ఒకరు ఇంకొకరితో, ఎప్పుడో ఒక రోజు బద్దలవుతుందని తనకు తెలుసన్నారు. పదింటికి లోర్నా విసిరింది ఒక తొడ. పదకొండింటికి రెండు తొడలు. భోజనాల వేళకి సగం జింక.

మధ్యాహ్నం లోర్నా ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఇరుగుపొరుగు వండి తెచ్చిన బంగాళాదుంపల క్యాసరోల్ పాత్రలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా చావో, విడాకులో జరిగితే తప్ప అన్ని పాత్రలు రావు.

"ఎవరు పోయారు?" అంటూ కంగారుగా వంటింట్లోకి వచ్చింది. "పొద్దున్నించీ ఒక్కొక్కరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని 'కోపం కూడా ఒక జబ్బే లోర్నా' అంటున్నారు. ఏం జరుగుతోంది వెండెల్?" అప్పుడు కనిపించింది బకెట్టూ, అందులో బెర్తో కాలూ.

వెండెల్ జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ లోర్నా ముఖం ఎర్రబడింది.

"నేను నిన్ను కొట్టానని చెప్పొచ్చావా?"

"కొట్టావని అన్లేదు. విసిరావో జారిందో ఏదైతేనేం అన్నా. అంతే!"

"నిజంగానే ఏదైనా విసిరుంటే బావుండేది! పద, ఇప్పుడే ఊరందరి ముందూ..."

తలుపు తట్టిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే పాస్టర్ లిండ్‌క్విస్టూ, ఆయన భార్యా. పాస్టర్ గారు బుల్‌ఫ్రాగ్స్ కోచ్‌కి సొంత బావమరిది. ఆయనకి తెలిస్తే కోచ్‌కి తెలిసినట్టే. వెండెల్, లోర్నా చెరో రెక్కా పట్టుకుని బెర్తోని బకెట్టుతో సహా సామాన్ల గదిలోకి తోసి తలుపు వేశారు.

పాస్టర్ కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "అమ్మా లోర్నా, తీర్పు చెప్పడానికి రాలేదు నేను. ఒక్కటే అడుగుతున్నా. నువ్వు వెండెల్ మీద... మాంసం విసిరిన మాట నిజమేనా?"

లోర్నా నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే తన పరువు నిలుస్తుంది. ఆవిడ చూపు సామాన్ల గది తలుపు మీదకు వెళ్లింది. ఆ తలుపు వెనకున్న కుర్రాడు మొదట్లో ఇంగ్లీషు రాక, రోజూ సాయంత్రం గ్రంథాలయంలో ఆవిడ పక్కనే కూర్చుని పిల్లల పుస్తకాలు చదువుకునేవాడు. మొదటి జీతంలోంచి ఆవిడకు గాజు పక్షి బొమ్మ కొనిచ్చాడు.

"అవును, నేనే విసిరాను" అంది లోర్నా.

వెండెల్ నోరు వెళ్లబెట్టాడు.

"ఎందుకమ్మా?"

"ఆ ఫ్రీజర్ సర్దమని రెండేళ్లుగా చెబుతున్నాను. సర్దడు." ఈ మాట మాత్రం కడుపులోంచి వచ్చింది.

పాస్టర్ భార్య అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది, తలెత్తింది. "రెండేళ్లా?" అని భర్త వైపు తిరిగింది. "మన గరాజ్ సంగతి ఎన్నేళ్లయిందండీ?"

పాస్టర్ ఆ తరవాత ఎక్కువసేపు కూర్చోలేదు. వెళ్లబోతుంటే సామాన్ల గదిలో డబ్బాలు దొర్లిపడ్డాయి. "అదేమిటి?" అన్నాడు. "మా పిల్లి" అంది లోర్నా. లోపల్నుంచి, బయటివాళ్ల నిజాయితీకి సాయంగా, "మ్యావ్" అని వినిపించింది. డొమినికన్ పిల్లి అరుపు కొంచెం వేరుగా ఉంటుంది. అయినా పాస్టర్ అడగలేదు.

సాయంత్రం స్టేడియంలో ఆర్లో మొగుడూ పెళ్లాల మధ్య సీట్లో తన భారీకాయాన్ని ఇరికించుకున్నాడు. "నీకేం భయం లేదురా, నేనున్నా" అని వెండెల్ చెవిలో అన్నాడు. లోర్నా చేతికి వేడి వేడి వేరుశనగ పొట్లం ఇచ్చినప్పుడు మాత్రం తన చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు. వెండెల్ ఎడమ కాలికి చుట్టుకున్న తువ్వాలు చూసి వెనక వరసలవాళ్లు నిట్టూర్చారు.

బెర్తో ఎడమ బూటు ముందుభాగం కోసేసి, కనబడకుండా మేజోడుకు నల్ల పాలిష్ పూసుకుని దిగాడు. బ్యాటు పట్టుకుని నిలబడి అలవాటుగా కాలెత్తాడు. దించబోయి నొప్పికి సగంలో ఆగాడు. మూడు బంతులకీ బ్యాటుతో గాలినే కోసి, ఔటై తలొంచుకుని వెళ్లిపోయాడు. బంతి తగలకుండా కట్టిన వల వెనక కూర్చున్న పరిశీలకుడు పెన్ను మూత పెట్టేశాడు.

"వీడికేమైంది ఇవాళ?" అన్నాడు ఆర్లో.

"ఏమవ్వాలి? ఆ ఇంట్లో గొడవలు చూసి పిల్లాడు హడలిపోయుంటాడు, పాపం" అంది మార్లిస్ ముందు వరస నుంచి, వినిపించకూడదన్నట్టు గొంతు తగ్గించి, అందరికీ వినిపించేలా. ఆ వరుసల్లో ఉన్న తలలన్నీ లోర్నా వైపు తిరిగాయి. లోర్నా వేరుశనగ గింజ ఒకటి పటుక్కుమని విరిచింది. అందరూ మళ్లీ ముందుకు తిరిగారు.

వెండెల్ తన కాలికున్న తువ్వాలు వైపు చూసుకున్నాడు. తన ఫ్రీజర్, తన తొడ, తన అబద్ధం. వాటితో ఒక పిల్లాడి బతుకూ, భార్య పరువూ ఒకే రోజున మంట్లో కలిపేశాననుకున్నాడు.

రెండోసారి బ్యాటు పట్టినప్పుడు బెర్తో కాలెత్తలేదు. ఎత్తే ఓపిక లేదు. ఎడమ పాదం గుడ్డు మీద పెట్టినంత మెత్తగా ముందుకు జరిపి ఊరుకున్నాడు. అవతలివాడు వంపు తిరిగే బంతి వేశాడు. కాలు ముందే నేల మీద ఉంది కనక, ఆ బంతి వంపు తిరిగి వచ్చేదాకా వేచి చూసే తీరిక బెర్తోకి మొదటిసారి దొరికింది. కొట్టాడు. ఆ చప్పుడుకి ఆర్లో చేతిలో బీరు ఒలికింది. బంతి గోడ దాటి, దాని వెనకున్న మొక్కజొన్న చేలోకి వెళ్లి పడింది.

"కొట్టాడ్రోయ్!" వెండెల్ తువ్వాలు, కుంటుడు, పెళ్లాం, పరువు అన్నీ మర్చిపోయాడు. రెండు కాళ్లమీదా గెంతుతూ మెట్ల మీంచి కిందికి పరిగెత్తాడు. చివరి మెట్టు దగ్గర ఎవరో వదిలేసిన శీతలపానీయం గ్లాసు మీద కాలేసి, ఇనప కమ్మీకి కుడి కాలు ఫెడీమని కొట్టుకుని కూలబడ్డాడు. ఈసారి బొటనవేలు నిజంగానే విరిగింది.

బెర్తో ఆ రోజు ఇంకో రెండు సార్లు, అలాగే కాలెత్తకుండా, బాదాడు. ఆట అయ్యాక మాటిచ్చినట్టే కోచ్‌కి వేలు చూపించాడు. కోచ్ తిట్టాల్సినంతా తిట్టి, డాక్టరుకి చూపించి, "నయమయ్యాక కూడా ఆ కాలు లేపావో, నేనే తొక్కుతా" అన్నాడు. తెల్లారేసరికి పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చింది. బెర్తో లోర్నాని గట్టిగా వాటేసుకుని, "మీరు నా కోసం మోసిన నింద నేను మర్చిపోను, దోన్యా లోర్నా" అని, వచ్చిన కారెక్కి వెళ్లిపోయాడు.

ఇక దాచాల్సిందేమీ లేదు. వెండెల్ కట్టుకట్టిన కుడి కాలుతో, చేతికర్ర మీద ఆనుకుంటూ మార్లిస్ హోటలుకి వెళ్లాడు. మొదటినుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు చెప్పాడు. తొడ పడింది బెర్తో కాలి మీద. లోర్నా ఏమీ విసరలేదు. తన కాలు విరిగింది స్టేడియంలో, మూడు వేలమంది మధ్య.

మార్లిస్ కళ్లు తుడుచుకుంది.

"మీరంతా అక్కడే ఉన్నారుగా!" అన్నాడు వెండెల్. "నేను పడటం చూళ్లేదూ?"

"బంతి గోడ దాటుతుంటే నిన్నెవడు చూస్తాడ్రా?" అన్నాడు ఆర్లో, అతని భుజం మీద చెయ్యేసి. "నిన్న తువ్వాలు ఎడమ కాలికుంది. ఇవాళ కట్టు కుడి కాలికుంది. ఎంత మంచివాడివిరా! ఇంకా ఆవిణ్ణే కాపాడుకొస్తున్నావు."

ఇంటికొచ్చి వెండెల్ ఆ సంగతి చెబితే లోర్నా మండిపడింది. తానే వెళ్లి అందరికీ నిజం చెప్పి వస్తానని బయల్దేరింది. దారిలో ఆర్లో కొట్టు దగ్గర ఆగితే, వరసలో ఉన్నవాళ్లంతా పక్కకి తప్పుకున్నారు. ఆర్లో అడక్కుండానే లోపలికెళ్లి తన ఇంటికని దాచుకున్న లేత ముక్క తెచ్చి, కొవ్వు తీసి, కాగితంలో చుట్టి రెండు చేతులతో అందించాడు. లోర్నా ఏదో చెప్పబోయి, పొట్లం వంక చూసి, "థాంక్స్ ఆర్లో" అని వచ్చేసింది.

ఆ వారం కెల్బీ ఫాల్స్ గ్రంథాలయానికి, పోయాయని జాబితాలోంచి ఎప్పుడో కొట్టేసిన పుస్తకాలు కూడా తిరిగి వచ్చాయి.